రెండో పూత ఆరేలోపు

రెండో పూత ఆరేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. గంట పడుతుందట, ఈ పొయ్యి తెచ్చిపెట్టిన ఆరోన్ చెప్పాడు. ఇది మోటారు సైకిళ్ళ సైలెన్సర్లకి కొట్టే నల్లరంగు, ఎంత వేడికైనా పొరలు లేవదట. గంటలోపే వీరబాబు బావ సిలిండరు వేసుకుని వచ్చేస్తాడు. వచ్చాక చేతులు కడుక్కోడు, మంచినీళ్ళు తాగడు, పైపు తగిలించి, మొహం పొయ్యిలోకి వంచి, నాబులు తిప్పేస్తాడు. కొత్త వస్తువు ఏది కనబడినా బావ మొహం ముందు వెళ్తుంది, మనిషి తర్వాత వెళ్తాడు. మూడు నాబులు, మూడు గొట్టాలు. రెండు గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి, నేనే తోమాను. మూడోదాని మూతిలో కందిరీగ మట్టిగూడు పెట్టుకుంది. దాన్ని తియ్యకూడదంది అత్త. గొట్టం మూతిలో ఏది అడ్డమున్నా మంట వెనక్కి తంతుందన్నాడు ఆరోన్. ఇద్దరూ నాతోనే అన్నారు, ఒకరితో ఒకరు అనుకోలేదు. ఇప్పుడు ఆ రెండు మాటలూ నా దగ్గరే ఉన్నాయి. ఒక చేతిలో బ్రష్షు, ఒక చేతిలో డబ్బా, ఆ మాటలు దించుకోవడానికి మాత్రం చోటు కనబడటం లేదు.

కడుపులో తిప్పుతోంది. రంగు వాసనకే అయ్యుంటుంది, టిన్నరు వాసన ఎవరికైనా తిప్పుతుంది. కానీ పొద్దున డబ్బా మూత తియ్యకముందే తిప్పింది. అప్పుడు పక్కింటివాళ్ళు ఎండుచేపలు ఆరబోస్తున్నారు, దానికనుకుందామంటే ఆ వాసన నేను పుట్టినప్పటినుంచీ ఉన్నదే, ఎప్పుడూ తిప్పలేదు, మరి ఇవాళెందుకు తిప్పింది. పోయిన అమావాస్యకి రావాల్సింది రాలేదు. పాలిచ్చేవాళ్ళకి నెల సరిగ్గా రాదంటారు, పాప ఇంకా తాగుతోంది, అందుకని రాకపోయి ఉండొచ్చు, కానీ అంతకుముందు వచ్చింది, ఒకసారి కాదు, పాలిస్తుండగానే వచ్చింది. మెడికల్ షాపులో కిట్టు అమ్ముతారు. ఆ షాపతను అచ్చిబాబు, మా బావతో కలిసి చదువుకున్నవాడు, నేను కిట్టు కొని మలుపు తిరిగేలోపు బావ ఫోను మోగుతుంది. ఆశా వర్కరు సంపూర్ణమ్మగారిని అడిగితే ఆవిడ నాకన్నా ముందు అత్తకి చెబుతుంది. అందుకని ఎవర్నీ అడగలేదు. అడగనంతకాలం లేనట్టే ఉంటుందనుకున్నాను. ఉండటం లేదు. పాప ఇంకా గోడ వదిలి నిలబడటం లేదు. పాపని తీసిన కుట్టు వానాకాలంలో ఇప్పటికీ లాగుతుంది. మూడేళ్ళు ఆగాలమ్మా, లేకపోతే ప్రాణం మీదికి తెచ్చుకుంటావు అని డాక్టరమ్మ అంటే, నేనూ బావా బల్ల ముందు నిలబడి బుద్ధిగా తలూపాం. బావ నాకన్నా గట్టిగా ఊపాడు.

పొయ్యి మూత మీద బ్రష్షు ఒకే వైపుకి లాగాలి. అటూ ఇటూ లాగితే గీతలు పడతాయి. పడవలకి రంగు వేసేటప్పుడు మా నాన్న అలాగే చెప్పేవాడు, నీళ్ళు వెళ్ళే వైపుకి లాగవే అని. దీనికి నీళ్ళు ఎటు వెళ్తాయో. దీన్ని గ్రిల్లు అంటారు. నది అవతల కొబ్బరితోటల్లో కట్టిన ఒక రిసార్టులో ఉండేది, ఆ రిసార్టు మూతపడింది. అక్కడ వంటింట్లో పనిచేసిన ఆరోన్, పాత ఇనుముకి పోబోతున్నదాన్ని ఆపి, పంటు మీదికి ఎక్కించి, గోదావరి దాటించి తెచ్చాడు. ఆటోలోంచి దించుతుంటే మా అత్త అప్పాయమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, ఇదేంట్రా, శవాల పెట్టెలా ఉంది అంది. మా చర్చి వాళ్ళ పెట్టె ఇంకాస్త పొడుగుంటుంది పిన్నీ, ఇందులో నువ్వు పట్టవు అన్నాడు ఆరోన్. అత్త వాణ్ణి తిట్టి, తిట్టాక నవ్వి, నవ్వాక పసుపునీళ్ళు తెచ్చి పెట్టె మీద చల్లింది. ఎవరు తిన్నారో, ఏమేం కాల్చారో, మనింటికొచ్చాక మన పొయ్యే కదా అంది. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగి లాగి బావ కుడి భుజం పోయింది. ఆ చెయ్యి ఇప్పుడు పాపని ఎత్తడానికే పైకి లేవదు, ఇంక దిమ్మలేం లాగుతుంది. నరసాపురం రేవుకి సాయంత్రాలు గాలికొచ్చేవాళ్ళు బజ్జీలు తింటారు, కాల్చిన పండుగప్ప ఎందుకు తినరు అన్నాడు బావ. చేపలు అత్త తెస్తుంది, మసాలా నేను నూరతాను, కాల్చేది బావ. రేపు శుక్రవారం మొదలు. ఇవాళ వెలిగించి చూసుకోవాలి. ఇది వెలగకపోతే మాకు ఇంకోటి లేదు.

దీన్ని తోమడం మొదలుపెట్టిన రోజు నాకు ఏడుపొచ్చింది. జిడ్డు కాదు అది, చర్మం. బట్టల సోడా వేడినీళ్ళలో కలిపి పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, పీచు నల్లగా ముద్దయిపోతే పారేసి, ఇంకో పీచు తీసుకుని రుద్దితే, నలుపు కింద గోధుమరంగు పొర వచ్చింది. ఇదే దీని అసలు రంగు కాబోలనుకున్నాను. వైరు బ్రష్షు పెడితే అదీ లేచిపోయింది, కింద ఎర్రటి తుప్పు. గరుకు కాగితం పెడితే తుప్పూ పోయింది, కింద పాత నల్లరంగు, దాని కింద మళ్ళీ తుప్పు. ఎక్కడ ఆగాలో తెలియలేదు. అసలు ఇనుము వచ్చేదాకా గీకమన్నాడు ఆరోన్, అసలు ఇనుము ఇదీ అని ఎలా తెలుస్తుందంటే మెరుస్తుంది చెల్లెమ్మా అన్నాడు. కొన్నిచోట్ల మెరిసింది. కొన్నిచోట్ల నా కళ్ళు మెరిసినట్టనుకున్నాయేమో. ఎవరెవరో ఎప్పుడెప్పుడో నవ్వుతూ తిన్న మాంసాల కొవ్వు నా గోళ్ళలోకి వెళ్ళింది. ఆ గోళ్ళతో పాపకి అన్నం పెట్టాలంటే భయమేసి చెంచాతో పెట్టాను, చెంచా అయితే అది నోరు తెరవదు. లోపల ఎక్కడా రంగు వెయ్యకూడదు, చేప తగిలే ఊచలకి నూనే తప్ప రంగు తగలకూడదని ఆరోన్ మరీ మరీ చెప్పాడు. అందుకని ఊచలకి నూనె రాసి గోనెసంచిలో చుట్టి పెట్టాను. పైన మాత్రమే రంగు. పైన ఎంత నల్లగా నున్నగా అవుతుంటే లోపల అంత పాతగా కనబడుతోంది.

గొట్టాలు తోమడం నాకు ఇష్టంగానే ఉంది. మూరెడేసి ఉంటాయి, వేణువుల్లా ఒంటినిండా కన్నాలు, ఒక చివర మూసి ఉంటుంది, ఒక చివర మూతి తెరుచుకుని ఉంటుంది, ఆ మూతిలోంచే గాలీ గ్యాసూ కలిసి వెళ్తాయి. ఒక్కో కన్నంలో పిన్నీసు పెట్టి గుచ్చి, ఊది, ఎండలో చూసి, మళ్ళీ గుచ్చాను. మూడింటినీ వసారా గోడకి ఆనించి ఆరబెట్టాను. ఆరేక తియ్యాల్సింది, ఆరోజు పాపకి జ్వరం, నేను మర్చిపోయాను. మర్నాడు సన్నటి నడుమున్న కందిరీగ ఒకటి నోట్లో తడిమట్టి ఉండ పెట్టుకుని వచ్చి మూడో గొట్టం మూతిలోకి దూరింది. లోపలినుంచి జుయ్యిమని చప్పుడు, చిన్న మిక్సీ తిరుగుతున్నట్టు. నేను తోలేద్దామని చీపురుపుల్ల తీసుకునేసరికి అత్త నా చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. కందిరీగ ఇంట్లో మట్టిగూడు పెడితే ఆ ఇంట్లో ఎవరికో నెల తప్పినట్టే. పొడుగ్గా కడితే మగపిల్లాడు, గుండ్రంగా కడితే ఆడపిల్ల. దాన్ని విరవకూడదు, లోపలిది పెరిగి తొలుచుకుని ఎగిరిపోయాక ఆ మట్టే తీసి, పసుపుతో నూరి, కడుపుతో ఉన్నమ్మకి బొట్టు పెడతారు. ఇవన్నీ నాకూ తెలుసు, మా అమ్మమ్మ చెప్పేది. తెలిసే చీపురుపుల్ల కింద పెట్టేశాను. అత్త నా మొహం చూడలేదు. గది గుమ్మంకేసి చూసింది, గుమ్మంలో వదిన నిలబడి ఉంది.

వదిన సత్యవాణి బావకి సొంత అక్క. కడియంలో నర్సరీ లారీలకి మొక్కలెత్తే ఆయనకిచ్చారు. పెళ్ళై చాన్నాళ్ళయింది, కడుపు పండలేదు. అన్నవరం మెట్లు మోకాళ్ళ మీద ఎక్కింది, పెద్దింట్లమ్మ తల్లికి మొక్కుకుంది, రాజమండ్రిలో డాక్టర్లకి చూపించుకుంది. వచ్చినప్పుడల్లా నల్లకవర్లో ఒక గులాబీ మొక్క తెస్తుంది. మాది ఉప్పునేల, ఏదీ బతకదు, ఒక్కటి కూడా బతకలేదు, అయినా తెస్తుంది, నాటుతుంది, వెళ్ళిపోతుంది. ఈసారి వచ్చిన మర్నాడే కందిరీగ వచ్చింది. ఇంక అత్త కాళ్ళు నేల మీద లేవు. రోజూ వదిన కంచంలో ఉడకబెట్టిన గుడ్డు, బిందె ముట్టుకోనివ్వదు, వంగనివ్వదు. వదిన తలొంచుకుని పెదవి కదలకుండా నవ్వుతుంది. నిన్న సాయంత్రం, నాకు నడుం నొప్పి దుర్గా, దేవుడి దగ్గర దీపం నువ్వు పెట్టెయ్ అంది నాతో. అది విని అత్త వంటింట్లో నుంచి చేతులు జోడించింది, నడుం నొప్పి అంటే మొదటి గురుతేనని. నేను దీపం పెడుతూ ఉంటే నా నడుమూ నొప్పిగానే ఉంది. గ్రిల్లు తోమి తోమి అయ్యుంటుంది. నిన్న తెల్లారకముందే బోరింగు చప్పుడైంది, అంత పొద్దున్నే ఎవరా అనుకుని మళ్ళీ నిద్రపోయాను. ఇంతకీ అది ఎవరి కోసం కట్టింది. కందిరీగకి పొరపాటు ఉండదంటారు. అది ఇల్లు చూస్తుందిగానీ, ఇంట్లో ఏ మనిషో చూస్తుందా. ఒక ఇంట్లో ఇద్దరుంటే ఒక గూడే కడుతుందా. నేను లెక్కపెట్టుకోని నెలని అదెలా లెక్కపెట్టింది.

చంక దగ్గర దురద. బ్రష్షు పట్టుకున్న చేత్తో గోక్కోకూడదు. ఇంటరులో కెమిస్ట్రీ లాబులో ఇలాగే చేతులు ఎక్కడా తగలనివ్వద్దు అనేవారు మేడం. అక్కడ ఒక బర్నరు ఉండేది, కింద ఒక కన్నం, దానికి తిరిగే చిన్న కంకణం. కన్నం మూస్తే మంట పసుపుపచ్చగా ఊగుతుంది, తెరిస్తే నీలంగా నిటారుగా నిలబడుతుంది. మేడం అలా తిప్పి చూపిస్తూ, ఒక్కోసారి మంట పైన కాకుండా గొట్టంలోకి దిగిపోతుంది, దాన్నేమంటారో వచ్చే క్లాసులో చెబుతాను అన్నారు. వచ్చే క్లాసుకి నేను లేను. ఆ వారమే మా నాన్న గుండె పట్టుకుని వల మీద పడిపోయాడు, నాన్న పోయే ముందు చూడాలని బావతో తాళి కట్టించారు, నాన్న పోలేదు, ఇప్పటికీ ఉన్నాడు, నా చదువే పోయింది. గాలి ఎక్కువైతే దిగిపోతుందా, తక్కువైతేనా, ఆ సగం పాఠం ఇన్నాళ్ళూ నాకు ఎక్కడా అవసరం రాలేదు. ఆరోన్‌ని అడిగాను, గూడు సంగతి చెప్పకుండా, ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు. గొట్టం మూతిలో సాలెగూడున్నా చాలు చెల్లెమ్మా, గ్యాసు ముందుకి పోలేక వెనక్కి వస్తుంది, నాబుల దగ్గర అంటుకుంటుంది, రిసార్టులో మా వంటమనిషికి కనుబొమలు మళ్ళీ రాలేదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అప్పట్నుంచీ నాకు బావ కనుబొమలు తప్ప ఇంకేం కనబడటం లేదు. గుబురుగా ఉంటాయి, పాపకీ అవే వచ్చాయి.

ఇవాళ పొద్దున అత్త చేపలబుట్ట ఎత్తుకుంటూ నాకు పని చెప్పి వెళ్ళింది. గొట్టం బయట ఉంటే పిల్లో కాకో లాగేస్తుంది, ఉన్నదాన్ని ఉన్నట్టు లోపల బిగించెయ్, కదపకుండా. వాడడిగితే మూడోది పాడైందని చెప్పు, రెండింటితో కానిస్తాడు. గూడు సంగతి మగాళ్ళకి చెప్పేది కాదు, కళ్ళు పడతాయి. నేను అలాగే అత్తా అన్నాను. అలాగే అనడం నాకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు. నిన్ననుంచీ లోలోపల అనుకుంటున్నాను, మూడోది పాడైంది బావా, మూడోది పాడైంది బావా. కానీ పాడైందంటే బావ ఊరుకునే మనిషా. ఫ్యాను పాడైతే విప్పుతాడు, గడియారం ఆగిపోతే విప్పుతాడు, మా పెళ్ళైన కొత్తలో నాకు జలుబు చేస్తే నా ముక్కు కూడా పట్టుకుని చూశాడు. ఏం పాడైందో చూద్దాం ఉండు అని ముందు మూడోదే తిప్పుతాడు. పోనీ ఇంకో గొట్టం కొందామంటే ఈ రకం మన దగ్గర దొరకదట. పోనీ ఆ గొట్టం తీసేసి దాచేద్దామంటే నాబు ఉంటుంది కదా, ఎవరో ఒకరు తిప్పుతారు, రేవు దగ్గర పిల్లలు తిరుగుతుంటారు, మా పాపే రేపు నడక వచ్చాక చెయ్యి పెట్టే ఎత్తులో ఉన్నాయి అవి. పోనీ బావకి నిజం చెప్పేద్దామంటే, చెప్పాక విరుగుతుంది, విరిగాక వదినకి ఏమైనా అయితే, ఇన్నేళ్ళకి వచ్చింది పోతే, అది నా నోటివల్లే పోయినట్టవుతుంది. నువ్వు పిల్ల తల్లివి కదా, దానికి ఉండకూడదనుకున్నావా అని అత్త అడుగుతుంది. అడగకపోయినా నాకు వినబడుతుంది. అదే ఆ గూడు నాదైతే, నేనే విరిస్తే. విరిస్తే నాది పోతుందేమో, పోతే డాక్టరమ్మ చెప్పినట్టే ఉంటుంది కదా అని ఒక మాట వచ్చింది లోపల. ఎవరూ అనలేదు, నాలోంచే వచ్చింది. వెంటనే లెంపలేసుకున్నాను. బుగ్గకి చల్లగా రంగు అంటుకుంది.

మూత పూర్తయింది. పొయ్యి పక్కనుండే బల్ల పూర్తయింది. ఇంక రంగు వెయ్యడానికి ఏమీ మిగల్లేదు, అయినా వేసినచోటే వేస్తున్నాను. ఎండ వసారా మెట్టు దిగింది. పంటు కూత వినబడింది, ఆ కూత తర్వాత అవతలి నుంచి బళ్ళు దిగుతాయి, సిలిండర్ల గోడౌను మాత్రం ఇటువైపే, దానికీ కూతకీ సంబంధం లేదు, అయినా తల తిప్పి వీధికేసి చూశాను. రెండు గొట్టాలు లోపల బిగించేశాను. మూడోది గోడకి ఆనించే ఉంది. ఒళ్ళో పెట్టుకున్నాను. గూడు పొడుగూ కాదు, గుండ్రమూ కాదు, గొట్టం మూతి ఎలా ఉందో అలా సర్దుకుని కట్టింది, చివర ఇంకా మూయలేదు, తడిగా ఉంది. లోపల చీకటి. చెవి దగ్గర పెట్టాను. ఏమీ వినబడలేదు. నా చెవిలో నా రక్తమే. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను, గొట్టం బిగించడానికే అనుకుంటూ తీసుకున్నాను. దాని మొన గూడు అంచుకి ఆనింది. మట్టి ఎంత మెత్తగా ఉందంటే ఇంకొంచెం బరువు చాలు. ఆ బరువు వెయ్యలేను, తియ్యలేను. గది లోపల పాప లేచి ఊ ఊ అంటోంది. వదిన దాన్ని ఎత్తుకుని, పాట కానిదేదో పాడుతూ వసారాలోకి వచ్చింది. నేను స్క్రూడ్రైవరు దాచలేదు. దాచేంత తెలివి ఆ నిమిషంలో రాలేదు.

వదిన నా బుగ్గ మీద రంగు చూసింది, ఒళ్ళో గొట్టం చూసింది, చేతిలోది చూసింది. పాపని చంక మార్చుకుంది.

“ఏంటే దుర్గా, ఇంతసేపట్నుంచీ దాన్నే చూత్తన్నావు?”

నేను చెప్పాను. ఒక క్రమంలో చెప్పలేదు. బావ కనుబొమలనీ, వంటమనిషి అనీ, గాలి కన్నం అనీ, మేడం వచ్చే క్లాసులో చెబుతానన్నారనీ. అత్త పాడైందని చెప్పమందనీ, బావ ముందు దాన్నే తిప్పుతాడనీ. నీ గూడు వదినా, నేనెలా విరుస్తాను అనీ. అదొక్కటీ తిన్నగా వచ్చింది. వదిన విన్నంతసేపూ పాప వీపు తడుతూనే ఉంది. తర్వాత పాపని నా పక్కన చాప మీద దించి, నా ఎదురుగా గొంతుక్కూర్చుని, నా చేతిలోంచి గొట్టం తీసుకుంది. స్క్రూడ్రైవరు తీసుకుంది. బంగాళాదుంప మీద కన్ను తీసేసినట్టు, ఒక్క తిప్పు తిప్పింది.

మట్టి పెళ్ళలు పెళ్ళలుగా గచ్చు మీద పడింది. మట్టితోపాటు, పిల్లకి తిండిగా కందిరీగ కుట్టి దాచిన చిన్న చిన్న సాలీళ్ళు పడ్డాయి, కాళ్ళు ముడుచుకుని, చచ్చినట్టూ లేవు, బతికున్నట్టూ లేవు. వాటి మధ్య బియ్యపుగింజంత తెల్లటి పురుగు. 

“నిన్న తెల్లారగట్ల వచ్చేసింది నాకు” అంది వదిన, గొట్టం గచ్చుకేసి కొడుతూ. “అమ్మకి చెప్పలేదు. గుడ్డు పెడతంటే తింటన్నాను. ఇంకో రెండ్రోజులు తిని చెబుదావనుకున్నాను.”

బోరింగు చప్పుడు. దీపం. నడుం నొప్పి. అన్నీ నా ముందే జరిగాయి, నేనే చూశాను, నేను చూస్తూ ఉన్నది మాత్రం గూడునే. ఏదైనా అనాలి, వచ్చే నెల చూద్దాం వదినా అనాలా, అది అందరూ అనేదే, అది ఎన్నిసార్లు విన్నదో ఆమె. పాపని ఒళ్ళోకి లాక్కున్నాను, తప్పు చేసినట్టుంది అలా లాక్కోవడం, మళ్ళీ వదిలేశాను. వదిన గొట్టంలోకి ఒక కన్ను పెట్టి వెలుతురుకేసి చూసింది. ఊదింది. మళ్ళీ చూసింది. చూస్తూనే, నా వైపు తిరక్కుండానే అడిగింది.

“మరి నీకేనా?”

నాకు అవునన్న మాట తెలుసు, కాదన్న మాట తెలుసు. 

“తెలీట్లేదు వదినా” అన్నాను.

అది అబద్ధం కాదు. ఇన్నాళ్ళకి నేను బయటికి అన్న మొదటి మాట అది. వదిన గొట్టం దించింది. నా మొహంలోకి చూసింది, నేను తుప్పు గీకుతూ అసలు ఇనుము వచ్చిందా లేదా అని చూసినట్టు. ఆ కళ్ళలో ఏముందో నాకు అర్థం కాలేదు, కోపం ఉండాలి కదా, కోపం ఉందేమో కూడా. తర్వాత నా పక్కనున్న రంగు డబ్బా, బ్రష్షు లాక్కుంది.

“తెలీనప్పుడు ఈ వాసన ముందు కూచోడవేంటే, బుద్దుందా? లే. ఆ గాలొచ్చే వైపుకి పో. దాన్ని ఎత్తుకోకు, పాకనీ. రేపు సంపూర్ణమ్మ దగ్గరికి నేనొత్తాను నీతో, అమ్మకి నేను చెబుతాను.”

లేచాను. కళ్ళు తిరిగాయి, కూర్చుని లేచినందుకో, ఎందుకో. వదిన బ్రష్షు ముంచి, అప్పటికే రెండు పూతలు పడ్డ మూత మీద అటూ ఇటూ లాగేసింది. గీతలు పడతాయి వదినా అనబోయి ఊరుకున్నాను. పడనీ. ఆ మట్టి పెళ్ళల్లో పెద్దదొకటి తీసి వదిన చెంగు చివర ముడేసుకోవడం చూశాను.  ఎందుకో ఆమెకి మాత్రం తెలుసా.

బావ వచ్చేసరికి మూడో గొట్టం లోపల బిగిసి ఉంది, పాప వదిన మట్టెలు పట్టుకుని లాగుతోంది, పొయ్యి మూత గీతలు గీతలుగా మెరుస్తోంది. బావ ఎడం భుజం మీంచి సిలిండరు దించి, చేతులు కడుక్కోలేదు, మంచినీళ్ళు తాగలేదు. ఇంత నల్లగా అయిందేంటి, మనూరి పెళ్ళికొడుకులా ఉంది అన్నాడు. పైపు తగిలించి, సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తాయేమో చూసి, మొహం వంచాడు.

“గొట్టాలు చూశావా దుర్గా?”

“చూశాం” అన్నాను.

ఒకటో నాబు. నీలంగా అంటుకుని చివరిదాకా పరిగెత్తింది. రెండోది. నేను పాప తలని నా కాళ్ళకేసి అదుముకున్నాను. మూడోది తిప్పేముందు బావ చెయ్యి ఎందుకో ఒక్క క్షణం ఆగింది, గోడ దగ్గర కందిరీగ ఒకటి తిరుగుతోంది. నోట్లో తడిమట్టి ఉండ, గొట్టం ఆనించి ఉన్నచోట వాలుతోంది, లేస్తోంది, అక్కడే మళ్ళీ వాలుతోంది. బావ తువ్వాలు తీశాడు. కొట్టకురా, పోనీ, అది ఇల్లు వెతుక్కుంటంది అంది వదిన. బావ తువ్వాలు భుజాన వేసుకుని నాబు తిప్పాడు. మూడోదీ అంటుకుంది, మూతి దగ్గర మిగిలిన చిటికెడు మట్టి ఎర్రగా కాలి, ఒకచోట మంట పసుపుపచ్చగా ఊగి, కాసేపటికి అదీ నీలంగా సర్దుకుంది. బావ కనుబొమలు బావకే ఉన్నాయి. ఊచలు పెట్టాం. నేను రాసిన నూనె ఒక్కసారిగా కాలి, తెల్లటి పొగ లేచి, గాలి తిరిగి, నా మీదికే వచ్చింది. కడుపులో మళ్ళీ తిప్పింది. ఇది పొగకే అయ్యుంటుంది, పొగ ఎవరికైనా తిప్పుతుంది. నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. బావ మంటకేసే చూస్తున్నాడు. వదిన నా వైపు చూడలేదు. పాపని ఎత్తుకుని, మామూలుగా అటు నడిచినట్టే నడిచి, నాకూ పొగకీ మధ్య వచ్చి నిలబడింది.